మామ్మ తోమిన తోటాలు

మా మామ్మ చింతపండుతో తోటాలు తోమేది. నిజంగానే, తుపాకి తోటాలు. దేవుడి దగ్గరి ఇత్తడి కుందులూ, పంచపాత్రా, గంటా తోమేసాక అదే చింతపండు పిప్పితో, అదే కొబ్బరి పీచుతో ఓ ఇరవై ముప్పై ఇత్తడి గొట్టాలు కూడా తోమి, వేణ్ణీళ్ళలో రెండుసార్లు జాడించి, డాబా మీద పాత పంచె పరిచి వరసగా బోర్లించేది. పక్కనే గుమ్మడి వడియాలు ఎండుతుండేవి. కాకులు రాకుండా కర్ర పుచ్చుకుని కూర్చోడం నా పని, వడియాలకీ తోటాలకీ కలిపి నేనే కాపలా అన్నమాట.

ఇప్పుడు పేపర్లలో తూటా అని రాస్తారు గానీ మా ఇంట్లో తోటా అనే అనేవాళ్ళం. పేల్చేసిన ఖాళీ ఇత్తడి గొట్టం కూడా తోటాయే, నింపినదీ తోటాయే. "ఖాళీయా, నిండుదా" అని తాతయ్య అడిగేవాడు, బిందె గురించి అడిగినట్టు.

మాది విశాఖపట్నం మహారాణిపేట. ముందు పెంకుటిల్లు, వెనక వైపు రెండు గదుల మీద డాబా. డాబా ఎక్కితే డాల్ఫిన్ నోస్ కొండ కనపడేది, రాత్రయితే దాని మీద లైట్‌హౌస్ వెలుగు తిరుగుతూ వచ్చి మా గోడ మీద పడుతోందేమో అనిపించేది, పడేది కాదు గానీ అలా అనుకుంటూ నిద్రపోయేవాణ్ణి. తాతయ్య పోర్టులో చేసి రిటైరయ్యాడు. కొండకర్ల దగ్గర మాకు కొంచెం పొలం ఉండేది, వరీ చెరుకూ. చెరుకులో అడవిపందులు పడితే ఒక్క రాత్రిలో మడి మడంతా నుగ్గునుగ్గు చేసేసేవి. ఆ పంట కాపలా కోసం తీసుకున్న లైసెన్సు, ఆ లైసెన్సు మీద ఒక పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకి. రెండు గొట్టాలూ పక్కపక్కన ఉండే రకం, వెనకాల రెండు గుర్రాలు, అంటే తోటాని కొట్టి పేల్చే సుత్తుల్లాంటివి, ఉండేవి, వేలితో వెనక్కి లాగితే టిక్కుమనేవి.

పన్నెండు బోరు అంటే ఏంటి తాతయ్యా అని అడిగితే నోటితో చెప్పలేదు, వంటింట్లోంచి తక్కెడ తెప్పించాడు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్రటి ఉండలు చేస్తే, అందులో ఒక్క ఉండ సరిగ్గా పట్టే గొట్టం పన్నెండు బోరు, ఇరవై ఉండలు చేస్తే ఇరవై బోరు, అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది అన్నాడు. సీసం బదులు మామ్మ పసుపు ముద్దతో చేసి చూపించాడు. ఆ లెక్క నాకు ఇప్పటికీ మర్చిపోలేదు, స్కూల్లో చెప్పిన లెక్కలు చాలా పోయాయి గానీ.

తోటాలు నింపే సామానంతా ఒక టేకు పెట్టెలో ఉండేది. మూత లోపలి వైపు పేపర్లోంచి కత్తిరించిన ఫోటో అంటించి ఉండేది, బికనీర్ మహారాజా కర్ణీసింగ్ గారిది. 1962లో కైరోలో జరిగిన వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో ట్రాప్ షూటింగ్‌లో, అంటే ఎగరేసిన మట్టి పళ్ళేలు కొట్టే పోటీలో, ఆయనకి సిల్వర్ వచ్చింది, నేను పుట్టింది ఆ ఏడే. తాతయ్య నన్ను చూసి ఆ ఫోటో చూపించి "వీడూ ఆయనా ఒకే ఏడు వచ్చారు" అనేవాడు. పెట్టెలో ఏముండేవో చెప్తాను. తోటా అడుగున టోపీ ఉంటుంది, గుర్రం కొడితే పేలి మందుని అంటించేది, అది పేలిపోయాక దాన్ని కింద నుంచి తన్ని బయటికి తీసే సన్నటి సూది లాంటి పనిముట్టు. కొత్త టోపీ నొక్కేది. కొలత గిన్నె, ఇత్తడిది, చెక్క పిడి, దాని కాడ మీద గీతలు చెక్కి ఉండేవి. చిన్న గరాటు. చేతిలో పట్టేంత చెక్క రోకలి. పంచ్, అంటే అట్టలోంచి గుండ్రటి బిళ్ళలు కొట్టే ఇనప ముక్క. ఇంకోటి, బల్ల అంచుకి బిగించే చిన్న మరలాంటిది, చేత్తో తిప్పితే కాగితం తోటా అంచుని లోపలికి మడిచేది. దాన్ని టర్నోవర్ మిషన్ అనేవాడు. నాకు ఇష్టమైంది అదే, ఖాళీగా ఉన్నప్పుడు ఊరికే తిప్పుకోనిచ్చేవాడు.

అసలు ఇంట్లో ఎందుకు నింపుకునేవాడు అంటే రెండు కారణాలు. ఒకటి, సీమ తోటాలు, ఇంగ్లండు నుంచి వచ్చే ఈలీ, కైనాక్ డబ్బాలు, ఆయన వయసులో ఉన్నప్పుడు కొట్లో దొరికేవట, తర్వాత ఇంపోర్టు మీద ఆంక్షలొచ్చి దొరకడం తగ్గిపోయి, దొరికినా ముట్టుకోలేని రేటు అయిపోయాయి. రెండోది మా ఊరి గాలి. వైజాగ్ గాలి తెలిసిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, అగ్గిపెట్టె వారం రోజులు బయట ఉంటే గీసినా వెలగదు, ఉప్పు డబ్బాలో ఉప్పు నీరవుతుంది, తలుపులు వానాకాలంలో పట్టేస్తాయి. ఆ రోజుల్లో కొట్లో దొరికే తోటాలు ఎక్కువగా కాగితం గొట్టాలే. చెమ్మకి అవి ఉబ్బిపోయేవి. ఉబ్బితే తుపాకిలోకి దిగవు, బలవంతంగా దింపితే పేల్చాక బయటికి రావు. ఇత్తడికి ఆ బాధ లేదు. చెమ్మ పట్టదు, ఉబ్బదు, జాగ్రత్తగా వాడుకుంటే ఏళ్ళ తరబడి అదే గొట్టం మళ్ళీ మళ్ళీ నింపుకోవచ్చు. అందుకని తాతయ్య దగ్గర ఓ ముప్పై ఇత్తడివి ఉండేవి, కాగితంవి కూడా కొన్ని.

నల్లమందు, అంటే పొగ వచ్చే పాతకాలం తుపాకి మందు, కాల్చాక తుపాకిలోనూ తోటాలోనూ నల్లటి మడ్డి మిగులుతుంది, కుళ్ళిన గుడ్డు వాసన. ఆ మడ్డి గాల్లో తడిని పీల్చుకుంటుంది, సముద్రం పక్క ఊళ్ళో అయితే రాత్రికి రాత్రే తుప్పు మొదలవుతుంది. అందుకే ఊరి నుంచి రాత్రి ఏ టైముకి వచ్చినా సరే, కాళ్ళు కడుక్కున్నాక ముందు తుపాకి గొట్టాల్లోకి వేడి నీళ్ళు పోసి కడిగి, ఆరబెట్టి, నూనె గుడ్డ తోసాకే అన్నానికి కూర్చునేవాడు. తోటాలు మాత్రం పొద్దున్న మామ్మ చేతికి వెళ్ళేవి. "వెధవ కంపు, దేవుడి సామాన్లతో కలపకండి" అని ప్రతీసారీ అనేది, ప్రతీసారీ తనే కలిపేది.

నింపడానికి ఓ పద్ధతి ఉండేది. కార్తీకం దాటి గాలి పొడిగా ఉన్న రోజులు చూసుకునేవాడు, మబ్బు పడితే పెట్టె తెరిచేవాడే కాదు. పొద్దున్న తొమ్మిది దాటాక, వెనక గదిలో, కిటికీ తలుపులు బార్లా తీసి, నేల మీద చాప, చాప మీద తెల్ల దుప్పటి. ఆ గదిలోకి దీపం, అగరొత్తి, చుట్ట ఏదీ రాకూడదు. మామ్మ పూజ అయిపోయి దీపం కొండెక్కాకే మొదలు. మందు డబ్బా అటక మీద వేరే గదిలో ఉండేది, కావలసినంతే తెచ్చుకుని డబ్బా మళ్ళీ మూతేసి పైన పెట్టి వచ్చాకే కూర్చునేవాడు. మందూ టోపీలూ కొన్నప్పుడల్లా లైసెన్సు పుస్తకంలో ఎంట్రీ వేయించుకునేవాడు, ఆ ఎంట్రీలు పెన్సిలుతో డైరీలో కూడా రాసుకునేవాడు.

ముందు టోపీలు కొట్టడం. తర్వాత ఇత్తడి గొట్టాలన్నీ చెక్కలో బెజ్జాలు చేసిన పీట మీద నిలబెట్టడం. కొలత గిన్నెతో మందు తీసి, పైన అట్టముక్కతో గీసి సమం చేసి, గరాటులోంచి పోసేవాడు. గిన్నె తట్టకూడదు, తడితే మందు కుదించుకుని ఎక్కువ పడుతుంది. దాని మీద అట్ట బిళ్ళ, అట్ట బిళ్ళ మీద దళసరి ఉన్ని బిళ్ళ, దాన్ని చెక్క రోకలితో ఒక్క సమమైన ఒత్తు ఒత్తి, పైన సీసం గుళ్ళు. ఆరో నెంబరు గుళ్ళయితే ఔన్సుకి 270 పడతాయి, ఆవాల కంటే కాస్త పెద్దవి. అవి ఇత్తడి గొట్టంలోకి జారేటప్పుడు వచ్చే చప్పుడు ఉంది చూసారూ, రేకు మీద తొలి చినుకులు పడ్డట్టుండేది. ఆ మీద పల్చటి అట్ట బిళ్ళ, దాని చుట్టూ అంచుకి కరిగించిన మైనం రాసేవాడు. మైనం మాత్రం పెరట్లో మామ్మ కుంపటి మీద కరిగించి తెచ్చుకోవాలి, కుంపటి లోపలికి రాకూడదు, అందుకని నేను గిన్నె పట్టుకుని పెరట్లోంచి గదికి పరుగు, అది గడ్డకట్టే లోపు చేరాలి.

పై బిళ్ళ మీద నెంబరు రాసేవాడు, లోపల ఏ గుళ్ళున్నాయో తెలియాలి కదా. ఫ్యాక్టరీ తోటాల మీద ఇంగ్లీషు అంకె అచ్చేసి ఉంటుంది. తాతయ్య తెలుగంకె వేసేవాడు. ఊదారంగు కాపీయింగ్ పెన్సిలు నాలిక మీద తడుపుకుని, నాలుగుకి ౪, ఆరుకి ౬. ఆయన చదువుకున్నది తెలుగంకెల్లోనే, పంచాంగం చూసేదీ అందులోనే. ఆ అట్టల కోసం ఇంట్లో ఓ గొడవ ఉండేది. పల్చగా గట్టిగా ఉండే అట్ట అంటే శుభలేఖలే, ఏడాదికి ఎన్నో వచ్చేవి. మామ్మ ఒప్పుకునేది కాదు. "పసుపు రాసిన కాగితం తుపాకిలో పెట్టి కాలుస్తారా ఏంటండీ, ఆ పిల్లల కాపరం ఏం కావాలి" అని వాటిని బీరువాలో దాచేసేది. అందుకని క్యాలెండరు అట్టలూ, పాత పంచాంగం అట్టలూ, నా లెక్కల పుస్తకాల అట్టలూ పంచ్ కింద పడేవి. రెండో తరగతి నుంచి అయిదో తరగతి దాకా నా పుస్తకాలన్నిటి అట్టలకీ గుండ్రటి బెజ్జాలే.

ఇక 1971. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఇల్లంతా అదిరింది, కిటికీ అద్దాలు గలగలమన్నాయి, వీధిలో కుక్కలు ఒకటే అరుపు. బ్లాకౌట్ రోజులు, అద్దాలకి నల్ల కాగితం అంటించి ఉంది, దీపం పెట్టడానికి లేదు. తాతయ్య చీకట్లోనే లేచి అటక కేసి వెళ్ళి, నిచ్చెనెక్కి మందు డబ్బా చేత్తో తడిమి చూసుకుని వచ్చాడు. అది ఉన్నచోటే ఉంది. మళ్ళీ పడుకోలేదు, వరండాలో కుర్చీ వేసుకుని తెల్లారేదాకా కూర్చున్నాడు. తర్వాత జాలర్లకి సముద్రంలో ఏవో సామాన్లు దొరికాయని ఊళ్ళో గుసగుసలు, 9వ తారీకుకి గానీ గాజీ అనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ మన హార్బరు ముందు మునిగిపోయిందని గవర్నమెంటు చెప్పలేదు. ఇంక నేను ఆగుతానా. తొమ్మిదేళ్ళ వాణ్ణి. నీళ్ళ కింద నడిచే ఓడ మా ఇంటికి ఇంత దగ్గరకొచ్చి మునిగింది అంటే.

ఆ తర్వాత ఓ వారానికేమో, సంక్రాంతికి కొండకర్ల వెళ్ళాలని తాతయ్య తోటాలు నింపడానికి కూర్చున్నాడు. నింపేటప్పుడు మాట్లాడకూడదని ఎప్పుడూ ఉన్న రూలే. ఆ రోజు నేను ఆగలేకపోయాను. "తాతయ్యా, గాజీ మన పోర్టంత ఉంటుందా?" "తాతయ్యా, లోపల వాళ్ళకి గాలి ఎలా వస్తుంది?" "నువ్వు పోర్టులో ఉండగా ఎప్పుడైనా సబ్‌మెరైన్ చూసావా?" ఆయన కూడా ఆ రోజెందుకో కోప్పడలేదు. పోర్టులో ఛానల్ ఎంత లోతో, పెద్ద ఓడ లోపలికి రావాలంటే దారి చూపించే పైలట్ దాని మీదకి ఎలా ఎక్కుతాడో చెప్తూ నింపాడు. నాకు పండగలా ఉంది.

సంక్రాంతికి వెళ్ళాం. కొండకర్ల ఆవ చూసిన వాళ్ళకి తెలుస్తుంది, చలికాలంలో తెల్లారగట్ల మంచు నీళ్ళ మీద ఆని ఉంటుంది, తామరాకుల మధ్య నుంచి బాతులు అరుస్తుంటాయి గానీ కనపడవు. తాటి దోనెలు, అంటే తాటి మొద్దు తొలిచి రెండు జతగా కట్టినవి, వాటి మీద వెళ్ళాలి. ముందు దోనెలో తాతయ్యా బాబాయీ, వెనక దాంట్లో నేనూ, ఇద్దరికీ ఊరివాళ్ళే గెడ వేస్తున్నారు. బాతుల గుంపు లేచింది. తాతయ్య కుడి గొట్టం పేల్చాడు. ఢామ్మని రావాల్సింది టప్పుమంది, విస్తరాకు చిరిగినట్టు. పొగ లేదు. గుళ్ళు ఓ పది అడుగుల అవతల నీళ్ళలో చిటపటా రాలాయి.

బాబాయి నవ్వబోయి "నాన్నా, మళ్ళీ వెయ్యి, లేస్తున్నాయి" అని ఇంకో తోటా చేతికి అందించాడు. తాతయ్య పుచ్చుకోలేదు. తుపాకిని మడత దగ్గర విరిచి తెరిచి, రెండో గొట్టంలోని తోటా కూడా తీసేసి, గొట్టాలు ఆకాశం వైపు ఎత్తి లోపలికి చూసాడు. ఎడమ దాంట్లోంచి వెలుగు గుండ్రంగా కనపడుతోందట. కుడి దాంట్లో చీకటి. మందు లేకుండా టోపీ ఒక్కటే పేలి, ఉన్ని బిళ్ళని సగం దూరం తోసి వదిలేసింది. ఆ చీకటి గొట్టంలో బాబాయి ఇచ్చిన తోటా పెట్టి పేల్చి ఉంటే, దారిలో ఆ బిళ్ళ అడ్డం, గొట్టం అక్కడే పగిలిపోయేది, ఎడమ చెయ్యి సరిగ్గా ఆ చోటు కిందే ఉంటుంది. ఇదంతా తాతయ్య దోనెలో ఒక్క ముక్క మాట్లాడలేదు. "ఒడ్డుకి పోనియ్యి" అన్నాడంతే.

ఒడ్డున కూర్చుని కడ్డీతో ఆ బిళ్ళని తోసాడు. ఒకటి కాదు, రెండు ఉన్ని బిళ్ళలు పడ్డాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసాడు. అప్పుడు చెప్పాడు బాబాయితో, "మందు పొయ్యలేదురా. ఎత్తు తక్కువుందని చేతికి తెలిసింది. మాటల్లో ఉండి, ఇంకో బిళ్ళ వేసి ఎత్తు సరిచేసేసాను." నా వైపు చూడలేదు. చూసుంటే బావుండేది. అవి ఏ మాటలో నాకు తెలుసు కదా.

ఆ రోజు ఇంకో తోటా పేల్చలేదు. ఇంటికొచ్చాక ఆ విడతలో నింపినవన్నీ ఒక్కొక్కటే మైనం గీకి, బిళ్ళ లేపి, గుళ్ళు ఓ పళ్ళెంలోకీ మందు ఓ కాగితం మీదకీ విప్పేసాడు. మిగతా అన్నిటిలో మందు సరిగ్గానే ఉంది. అయినా సరే ఒక్కటీ ఉంచలేదు. ఆ తర్వాత ఎప్పుడు నింపినా మందు పోసాక బిళ్ళ పెట్టకముందు, కిటికీ వైపు పీట వంచి, ప్రతీ గొట్టంలోకీ చూసేవాడు. తర్వాత నన్ను పిలిచి నన్ను కూడా చూడమనేవాడు. "లెక్కపెట్టు" అనేవాడు. ముప్పైలో ముప్పై నల్లగా కనపడితేనే తర్వాత పని. గదిలోంచి నన్ను తరిమెయ్యలేదు, రెండో జత కళ్ళ కింద పెట్టుకున్నాడు. నా మనసులో ఉన్నదాన్ని ఆయన అలా తీసేసాడని నాకు చాలా ఏళ్ళకి గానీ తట్టలేదు.

బాబాయి మాత్రం అప్పటి నుంచీ పట్టు పట్టాడు, ఇంక కొనేవే వాడదాం నాన్నా అని. పూనా పక్కన ఖడ్కీ ఆమ్యునిషన్ ఫ్యాక్టరీ తోటాలు లైసెన్సు మీద దొరుకుతాయి, శక్తిమాన్ అని. ఇద్దరి వాదనా నాకు బాగా గుర్తు. బాబాయిది న్యాయమే. ఫ్యాక్టరీలో మిషను కొలుస్తుంది, మిషనుకి మనవడు ఉండడు పక్కన కూర్చుని కబుర్లు చెప్పడానికి. ప్రతీ తోటా ఒకేలా పేలుతుంది. పొగ లేని మందు, గొట్టంలో మడ్డి ఉండదు. తాతయ్య కాదనలేదు. "పందుల కోసం రాత్రి మంచె మీద కూర్చున్నప్పుడు నేను పెట్టేది కొన్నదే కదరా" అనేవాడు. అది నిజమే, ప్రాణం మీదకి వచ్చే చోట ఆయన ఎప్పుడూ ఫ్యాక్టరీదే పెట్టేవాడు, ఇంట్లో నింపినవి బాతులకీ, అట్ట గురికీ.

ఒక్క విషయంలో మాత్రం బాబాయి మీద గట్టిగా అరిచాడు. పొగలేని మందు ఎక్కడో సంపాదించి ఇంట్లోనే నింపుదాం, మీ కొలత గిన్నె ఉందిగా అన్నాడు బాబాయి. "ఆ గిన్నె నల్లమందుది! అదే గిన్నెడు ఇది పోస్తే గొట్టం గుప్పున చీలిపోద్ది, తెలుసా నీకు?" అని. గిన్నె కొలిచేది చోటుని, బలాన్ని కాదు. నల్లమందుకి సరిపోయే కొలత పొగలేని మందుకి చాలా ఎక్కువ అవుతుంది. పైగా మాది పాత తుపాకి, తోటా కూర్చునే గది కూడా పాత కొలతది, రెండున్నర అంగుళాల తోటాకి చేసింది. కొత్తగా వచ్చిన రెండుముప్పావు తోటా అందులోకి చక్కగా దిగుతుంది, అదే ప్రమాదం, పేలాక విచ్చుకోవడానికి ముందు చోటుండదు, ప్రెషరు పెరిగిపోతుంది. అందుకని కొన్న డబ్బా మీద కూడా పొడుగు చదవకుండా ఒక్క తోటా లోపలికి పోనిచ్చేవాడు కాదు. కొనడమంటే కళ్ళు మూసుకోవడం కాదని బాబాయికి అప్పుడు తెలిసింది.

తర్వాత ప్లాస్టిక్ తోటాలొచ్చాయి. ఉబ్బడం అనే మాటే పోయింది. మా ఊరి గాలికి అంతకంటే ఏం కావాలి. మొదటిసారి ఎర్ర ప్లాస్టిక్‌ది చేతిలో పెట్టుకుని, ముందు వైపు పువ్వులా మడతలు పెట్టి మూసిన దాన్ని వేలితో తడిమి, "పై బిళ్ళ లేదే" అన్నాడు తాతయ్య. అంతే, ఇంకేం అనలేదు. పై బిళ్ళ లేకపోతే ఊదా పెన్సిలుకి పని లేదు.

ఈలోపు 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. మొదట్లో లైసెన్సు తీసుకుని కొన్ని రకాలు వేటాడొచ్చని ఉండేది, 1991లో దిద్దుబాటు చేసి అదీ తీసేసారు. తాతయ్య 1991 దాకా ఆగలేదు, చట్టం వచ్చిందని తెలిసిన ఏడే బాతుల వేట మానేసాడు. నాకిప్పుడు బాతుల మీద గురిపెట్టిన వాళ్ళని తలుచుకుంటే బాధే, కొండకర్ల ఆవలో ఆ పక్షులు ఎంత తగ్గిపోయాయో చూస్తున్నాను కాబట్టి, చట్టం రావడం మంచిదయింది. కానీ ఆ చిన్నతనాన్ని కాదనుకోలేను, అందులోనే మా తాతయ్య ఉన్నాడు.

వేట ఆగాక నింపడం కూడా తగ్గుతూ వచ్చింది. ఏడాదికొకసారి, ఆయుధపూజకి, పెట్టె తెరిచి సామాను తుడిచి, తుపాకి పక్కన పెట్టి బొట్టు పెట్టేవాళ్ళం. మామ్మ ఖాళీ ఇత్తడి తోటాలు దసరా ముందు రోజు తోమేది. పేల్చకపోయినా సరే తోమేది. నల్లబడ్డ ఇత్తడి ఇంట్లో ఉండకూడదు ఆవిడకి. తాతయ్య పోయాక కూడా రెండు దసరాలు తోమింది.

మొన్న బాబాయి కొడుకు డల్లాస్ నుంచి వీడియో కాల్ చేసాడు. వాడు అక్కడ ఆదివారాలు మట్టి పళ్ళేలు ఎగరేసి కొట్టే షూటింగుకి వెళ్తాడు. గ్యారేజీలోకి తీసుకెళ్ళి "అన్నయ్యా ఇది చూడు" అని ఒక మిషను చూపించాడు. లీవరు ఒక్కసారి కిందకి లాగితే పాత టోపీ ఊడి పడుతుంది, ఇంకోసారి లాగితే కొత్తది ఎక్కుతుంది, తర్వాత మందు, తర్వాత ప్లాస్టిక్ కప్పు లాంటి బిళ్ళ ఒక్కటే, దాంట్లోనే గుళ్ళు పడతాయి, చివర్న పువ్వు మడత. పక్కన డిజిటల్ తూకం, ఏ గొట్టానికి ఏ మందు, ఏ టోపీ, ఏ బిళ్ళ, ఎంత అని పుస్తకాల్లో పరీక్ష చేసి అచ్చేసిన లెక్కలు, అందులో ఒక్కటి మార్చినా చెయ్యకూడదట. అక్కడ అది చట్టానికి లోబడే చేసుకుంటారు, బోలెడు మంది హాబీ. కలిసొస్తుందా అని అడిగాను. "పన్నెండు బోరుకయితే లేదన్నయ్యా, సీసం రేటు పెరిగాక డబ్బాల కొద్దీ కొన్నదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. ఇరవై ఎనిమిది బోరుకీ, నాలుగొందల పది అనే ఇంకా సన్నటి రకానికీ మాత్రం బాగా మిగుల్తుంది, అవి కొట్లో రేటెక్కువ" అన్నాడు. 2020లో కరోనా టైములో అక్కడ టోపీలే దొరక్కుండా పోయాయట, దాచుకున్నవాళ్ళదే రాజ్యం. మరి పన్నెండు బోరు ఎందుకు నింపుతున్నావురా అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మందు పోసాక వంచి చూస్తున్నాను అన్నయ్యా, నాన్న చెప్పాడు" అన్నాడు.

ఇది చదివి ఎవరైనా మన దగ్గర ఇంట్లో ప్రయత్నం చేస్తారేమో, దయచేసి వద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తోటాలు తయారు చెయ్యడానికి విడిగా లైసెన్సు ఉండాలి. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, ఆ చట్టంలో అమ్యునిషన్ అంటే నిండు తోటా ఒక్కటే కాదు, తోటా భాగాలూ, తోటాలు చేసే సామానూ కూడా అందులోకే వస్తాయి. నాకూ నాన్న పోయాకే తెలిసింది. నాన్న పేరు మీదకి మారిన లైసెన్సు అది, ఎలక్షను వచ్చినప్పుడల్లా తుపాకి పోలీస్ స్టేషన్లో అప్పజెప్పడం, అయిపోయాక తెచ్చుకోడం, రెన్యువల్, ఇలా నడిచింది. నాన్న తర్వాత నేను నా పేరుకి మార్పించుకోలేదు, అప్పజెప్పేసాను. తుపాకితో పాటు టేకు పెట్టె కూడా తీసుకెళ్ళాను. ఇత్తడి తోటాలు ఇరవై ఏడు లెక్క తేలాయి. టర్నోవర్ మిషను, టోపీ నొక్కేది, కొలత గిన్నె, అన్నీ బల్ల మీద పరిచి లిస్టు రాయించుకున్నాను. అక్కడున్న కుర్రాడు ఇత్తడి తోటా ఒకటి తిప్పి చూసి, "సార్, ఇవి పూజ సామానా, ఇలా మెరుస్తున్నాయేంటి" అని అడిగాడు. బయల్దేరే ముందు రోజు రాత్రి నేనే తోమాను, చింతపండుతో. మూత లోపలి ఫోటో మాత్రం ఊడదీసుకోవచ్చా అని అడిగితే తీసుకోమన్నారు, కానీ గట్టిగా అంటుకుపోయి ఉంది, చిరిగిపోతుందని వదిలేసి వచ్చాను.

హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరులో మా పెంకుటిల్లు సగం ఎగిరిపోయింది. అటక మీద సామానంతా తడిసి ముద్దయింది. అవి ఆరబెడుతుంటే పాత పంచాంగాల కట్టలో ఓ చిన్న బిస్కట్ రేకు డబ్బా దొరికింది, మూత బిగుసుకుపోయి ఉంది. లోపల పొడిగా ఉంది. అట్ట బిళ్ళలు, ఓ యాభై దాకా ఉంటాయి, కొట్టి నెంబరు వేసి సిద్ధంగా పెట్టుకున్నవి. కొన్నిటి వెనకాల నా లెక్కల పుస్తకం గళ్ళ గీతలున్నాయి. ఒక దాని మీద మాత్రం పసుపు మరక, అచ్చు అక్షరాలు సగం సగం, శుభలేఖే. మామ్మకి తెలియకుండా ఎప్పుడో ఒకటి కొట్టేసినట్టున్నాడు.

ఆ డబ్బా నా బల్ల మీదే ఉంటుంది. మా మనవరాలు వాటితో ఆడుకుంటుంది, ఒకదాని మీద ఒకటి పేర్చి ఇడ్లీలంటుంది. నిన్న ఒకటి పట్టుకొచ్చి, ఆ ఊదా గీత మీద వేలు పెట్టి "తాతయ్యా, ఇదేం అక్షరం?" అని అడిగింది.

"ఆరు" అన్నాను.

"ఆరు ఇలా ఉండదు కదా."

ఒళ్ళో కూర్చోబెట్టుకుని పెన్సిలు చేతికిచ్చాను. ఒకటి నుంచి మొదలుపెట్టాం.